మెలోడియస్ ధనరాజ్

సాలూరు బైపాస్ మీద లారీలకి హారన్లు బిగించే ధనరాజ్‌కి ఎడమచెవి ఒక్కటే వినిపించేది. కుడిది ఇరవయ్యో ఏట, ఒడిశా వెళ్లే కొండదారిలో, సుంకి ఘాట్‌లో పోయింది. క్లీనర్‌గా క్యాబిన్‌లో కూర్చుని కూనిరాగం తీశాడు పాపం, అదే నేరమైపోయింది. డ్రైవర్ గంగరాజు స్టీరింగ్ వదలకుండానే ఎడంచేత్తో గూబ పగలగొట్టాడు. చెవిలోంచి కారిన నెత్తురు చొక్కా మీద అట్టకట్టినా బండి ఆపలేదు, పశువు!

మిగిలిన ఆ ఒక్క చెవితోనే ధనరాజ్ పొట్ట పోసుకున్నాడు. మూడు గొట్టాల గాలి హారన్‌కి వెనక స్క్రూ వెంట్రుకవాసి తిప్పి, ఎడమచెవి ఒగ్గి వినేవాడు. మూడూ కలిసి పలికేదాకా అన్నం ముట్టేవాడు కాదు. ఒడిశా డ్రైవర్లు కూడా వెతుక్కుంటూ వచ్చేవారు.

కొట్టుకి 'మెలోడియస్ హారన్స్' అని బోర్డు రాసినవాడు పెయింటర్. ఆ మాటకి అర్థమేమిటో ధనరాజ్‌కే తెలీదు. బాప్టిస్టు చర్చిలో పాటలు నేర్పే శాంతికుమార్ మేస్టారిని పట్టుకున్నాడు.

"గ్రీకోళ్ల మాటరా అది. మెలోస్ అంటే పాట. దానికి పాడటం అనే మాట కలిస్తే మెలొడీ అయినాది. లాటిన్‌లోకెళ్లి, ఫ్రెంచిలోకెళ్లి, ఇంగ్లీషులో పడ్డాది. సెవికి ఇంపుగా ఉంటే మెలోడియస్ అంటారు."

"అమ్మో, అన్ని దేశాలు తిరిగొచ్చినాదా! మన బండ్లకి కూడా అంత పర్మిట్టు లేదు మేస్టారూ!"

ఆనాటి నుంచి వచ్చిన ప్రతి డ్రైవర్‌కీ ఆ కథ చెప్పి ప్రాణం తీసేవాడు.

కుడిచెవి పోయిన ముప్ఫై ఏళ్లకి, ఒక మిట్టమధ్యాహ్నం, గంగరాజే కొట్టుకొచ్చాడు. ఇప్పుడు రెండు లారీల ఓనరు. వాడు ధనరాజ్‌ని గుర్తుపట్టలేదు. ధనరాజ్‌కి మాత్రం ఆ గొంతు వినగానే ఒళ్లు మండిపోయింది.

"హారన్ కొడితే ముందున్నోడు గోతిలో పడిపోవాల. అలాటిది బిగించు."

"అలాటివి నా కాడ లేవు. బోర్డు సూడు."

"బోర్డేటిరా, నీ బోర్డు!" అంటూ గంగరాజు బల్లని తన్నాడు. పొద్దుటి నుంచి శ్రుతి చేసిన హారన్ నేలమీద పడి సొట్టపోయింది. వాడి చెయ్యి మళ్లీ లేచింది.

ఈసారి ఆ చేతికి స్పానర్ అడ్డొచ్చింది. మణికట్టు ఫట్‌మని విరిగింది. రెండో దెబ్బ మోకాలి మీద. మూడోది మూతి మీద. పళ్లూ నెత్తురూ కలిపి ఉమ్ముతూ పడ్డవాడి గుండెల మీద ధనరాజ్ మోకాలేసి కూర్చున్నాడు. ఇంకో హారన్‌కి కంప్రెసర్ గొట్టం తగిలించి, దాని మూతి గంగరాజు చెవికి ఆనించాడు.

"సుంకి ఘాట్‌లో కూనిరాగం తీసినోడు గుర్తున్నాడా? నానే! ఇప్పుడు నువ్వినరా!"

"ఒగ్గీరా బాబూ, సచ్చిపోతాను!"

"ఒరే ధనరాజూ, ఒద్దురా!" అని చుట్టూ ఉన్న డ్రైవర్లు అరిచారు. ఎవరి మాట వింటాడు? వాడి నొప్పి కళ్లారా చూడాలని ముఖం దగ్గరగా వంచి మరీ వాల్వు తిప్పాడు. గంగరాజు గింజుకుని తల లాగేశాడు. జారిన హారన్ ధనరాజ్ ఎడమచెవిలో పిడుగులా మోగింది.

కేసైంది, రాజీ అయింది. గంగరాజు ఎముకలు అతుక్కున్నాయి. ధనరాజ్ చెవి మాత్రం తిరిగి రాలేదు.

కొట్టు ఇంకా తెరుస్తున్నాడు. గొట్టం మీద వేళ్లానించి, అదురు చూసుకుని స్క్రూ తిప్పుతాడు. మొన్న అటుగా వెళ్తున్న శాంతికుమార్ మేస్టారిని ఆపి హారన్ మోగించాడు. మూడు గొట్టాలూ శ్రుతి తప్పి మూడు దారుల పోయాయి.

"మెలోడియసేనా మేస్టారూ?" అని గట్టిగా అరిచాడు.

చర్చిలో ఒక్క అపస్వరం దొర్లినా పాట ఆపించే మనిషి, అవునన్నట్టు తల ఊపాడు. ధనరాజ్ పొంగిపోయి, దాన్నే లారీకి బిగించాడు.