మామ ముందు కాళ్లు చాపని మనిషి

మునగాలలో మా నాయన ఇంట్లో అన్నం ముందు కూర్చున్న మా ఆయన, ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. "గుండె ఎట్లనో కొట్టుకుంటుంది" అన్నాడు. "గ్యాసే, సోడా తాగించు" అంది అమ్మ. నాకు దేన్నైనా పట్టి చూస్తే గానీ మనసు ఊరుకోదు. మణికట్టు పట్టుకున్నాను. సరిగ్గా అంటుకోని బోరు మోటారులా ఉరికి, ఆగి, మళ్లీ ఉరుకుతోంది. నాయనా నేనూ కలిసి ఆయన్ను ఆటో ఎక్కించాం.

సూర్యాపేట దవాఖానలో ఈసీజీకి పడుకోమంటే పడుకోడే! "మామ నిలబడితే నేను కాళ్లు సాపుతనా?"

"పానం పోతుంటే ఇంకేం మర్యాద!" అని కసిరాను. నాయన గోడవైపు తిరిగాకే పడుకున్నాడు.

డాక్టరు కాగితం చూసి, లయ తప్పిందన్నాడు. అలవాట్లేమైనా ఉన్నాయా అని అడిగాడు. మా ఆయన నోరు విప్పకముందే నాయన అందుకున్నాడు: "మా అల్లుడు బంగారం సార్, చాయ్ గూడ ముట్టడు."

"దాచొద్దు. కారణం తెల్వకుంటే మళ్లొస్తది, అప్పుడు పానం మీదికొస్తది" అన్నాడు డాక్టరు. నాయన అల్లుడి వంక చూసి, "నేను జర బయట ఉంట" అని వెళ్లిపోయాడు.

తలుపు పడగానే మా ఆయన అన్నాడు: "గంజాయి సార్. మిర్యాలగూడ మిల్లుల దోస్తులతోటి అలవాటైంది. ఇయ్యాల గూడ తాగిన."

"నీ మొకం మండ!" అన్నాను. భయమూ కోపమూ రెండూ ఒక్కసారే వచ్చాయి. అయినా నా బుద్ధి ఊరుకుందా? "పొగ పోయేది ఊపిరితిత్తులకు గదా సార్, గుండెకెట్ల ఎక్కింది?"

"ఆడి నుంచి రక్తంల కలుస్తది. గుండెను ఉరికిస్తది, కొందరికి లయ తప్పిస్తది."

"అందరం కలిసే తాగుతం గద, నాకే ఎందుకైంది?" అన్నాడు మా ఆయన.

"ఎవరికైతదో ముందే చెప్పలేం. ఇగ ముట్టకు."

సాయంత్రానికి మణికట్టు మళ్లీ పట్టి చూశాను. కుదురుగా కొట్టుకుంటోంది. బయట బెంచీ మీద నాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"చెప్పిండా?" అని అడిగాడు.

"నీకు ముందే తెలుసా నాయనా?"

"అన్నానికి ముందు పెరట్ల తాగొచ్చిండు. వాసన తెల్వదా నాకు?"

"మరి బంగారం అంటివి?"

"అల్లుని ఇజ్జత్ కాపాడుదామనుకున్న." నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నీ పుస్తె నేనే తెంపుతుంటి బిడ్డా."