పెద్దమ్మ కటింగులు, నా కవర్ ఫోటో

నిన్న నేను చేసిన పని చెప్తే మీరు చాయ్ కప్పు కింద పెడతరు. మా క్యాంపస్ మేడమ్‌ల ఛాతీ కొలతలన్నీ ఇంటర్నెట్‌ల పెట్టిన. పేర్లతో సహా.

తార్నాకల మా పెద్దమ్మ ముప్పై ఏండ్లు మా క్యాంపస్ మేడమ్‌లకు బ్లౌజులు కుట్టింది. ఇప్పుడు కండ్లు ఆనుతలేవని మిషన్ ఆపేసి మౌలాలికి ఇల్లు మారుతున్నది. ఆమె ట్రంకుపెట్టె నిండా బ్లౌజు కొలతకు కత్తిరించిన పేపర్ కటింగులే. బుట్ట చేతులు, బోట్ నెక్, వెనక ముడి, ఒకటా రెండా. "పాత పేపరోనికి వేసెయ్యవే" అన్నది. నా పానం ఆగుతదా? పాత డిజైన్లకు ఆన్‌లైన్‌ల మస్తు గిరాకీ ఉన్నది. "నువ్వు ఊకో పెద్దమ్మా, నేను అమ్మిపెడ్త" అని పెట్టెను ఆటోల వేసుకొని, క్యాంపస్‌ల మా క్వార్టర్‌కు తెచ్చేసిన.

పొద్దంతా నేల మీద పరిచి ఫోటోలు తీసిన. ప్రతి కాగితం మీద స్కెచ్ పెన్నుతోని ఏందో రాసున్నది. చదివే ఓపిక ఎక్కడిది? రాత ఉంటే ఇంకా వింటేజ్‌గ కనిపిస్తదనుకున్న. ఫోటోలన్నీ ఒక ఆన్‌లైన్ పేజీల ఎక్కించి, అన్నిట్ల అందమైన నెక్ చూసి కవర్ ఫోటో పెట్టి, లింకు క్యాంపస్ లేడీస్ గ్రూపుల పడేసిన. పది నిమిషాల్ల ఫోన్ ఆగకుండ మోగుతున్నది. సంతోషంతోని ఎగిరిన.

మొదటి మెసేజ్ హాస్టల్ వార్డెన్ మేడమ్‌ది. "స్వప్నా, ఆరో ఫోటో వెంటనే తియ్యి."

పెద్దగ చేసి చూసిన. పెద్దమ్మ రాత: "వార్డెన్ మేడం. ఛాతీ 42. ఎవరికీ చెప్పొద్దన్నది."

ఒకరి కొలత ఇంకొకరి చెవిన వెయ్యదనే కదా ఇంతమంది పెద్దమ్మ దగ్గర కుట్టించుకున్నది. ఆ పేరును నేను ఒక్క పూటల గంగల కలిపిన. పేజీ తీసేసి, భయపడుకుంట పెద్దమ్మకు ఫోన్ చేసిన. ఆమె ఆటోల వచ్చేసరికి మా వరండా నిండా మేడమ్‌లే.

"నన్ను మాఫ్ చెయ్యాలె అమ్మా" అన్నది పెద్దమ్మ. రెండు చేతులు జోడించింది.

వార్డెన్ మేడమ్ ఆమె చెయ్యి పట్టుకున్నది. "నువ్వు ఒక్కనాడు చెప్పలే. చెప్పింది నీ బిడ్డ." తర్వాత పెట్టెల చెయ్యి పెట్టి ఇంకో కటింగ్ తీసింది. "స్వప్నా, గిది నా పెళ్లప్పటిది. నడుము ఇరవై ఆరు. మా కోడలు నమ్ముతలేదు. గిది మాత్రం మళ్ల పెట్టు."

ఇగ చూడాలె ఆ హడావిడి. ఎవరిది వాళ్లే వెతుక్కొని, నవ్వుకుంట కొనుక్కపోయిన్రు. పెట్టెల ఒక్కటే మిగిలింది. నేను కవర్ ఫోటోకు పెట్టిన కటింగ్.

"అది నీ పెళ్లి బ్లౌజుదే. ఎవరు కొంటరు? నువ్వే తీస్కో" అన్నది పెద్దమ్మ.

అప్పుడు చదివిన దాని మీద రాత. క్యాంపస్ మొత్తం నాకంటే ముందే చదివింది:

"స్వప్న. కొలత తగ్గించి చెప్తున్నది. రెండు అంగుళాలు కలిపిన."