నా ఎడమ చేతిలోని చెయ్యి

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. విజయనగరంలో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేశాను. శవాలగది తాళంచెవి చాలాకాలం నా దగ్గరే ఉండేది. ఎవరైనా వచ్చి "సిస్టర్, లోపల ఏదో కదిలింది" అంటే, "కదిలితే మంచిదేగా, వార్డులో మంచం వేయిద్దాం" అనేదాన్ని. కాబట్టి నన్ను ఆ జాబితాలో వేయకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మాది బాప్టిస్టు సంఘం. నేను రిటైరైన మరుసటి ఏడు మా సంఘం నుంచి ఏడుగురం బర్మా వెళ్ళాం. అప్పటికి భోగాపురంలో ఎయిర్‌పోర్టు వస్తుందన్న మాట ఒక్కటే వచ్చింది. మా తాతల కాలంలో బర్మాని రంగం అనేవారు. మా జిల్లాల నుంచి కూలికి వెళ్ళి తిరిగి రాని వాళ్ళ మునిమనవలు అక్కడి పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళకి బీపీ, షుగరు చూడటం, మందులివ్వడం, వాళ్ళతో కూర్చుని తెలుగు పాటలు పాడుకోవడం మా పని. జట్టుకి పెద్దని నేనే.

అందరిలోకీ చిన్నది సువార్త. భోగాపురం పక్క పల్లె, అప్పుడే డిగ్రీ అయింది. దానికి ఫిట్స్ ఉండేవి. మందులు వాడుతోంది, రెండేళ్ళుగా అవి రాలేదు. తల్లి కాంతమ్మ జీడితోటల్లో కూలి చేస్తుంది, అక్కని మా వైపు పిలిచినట్టు నన్ను 'అప్పా' అని పిలుస్తుంది. కూతుర్ని పంపనని భీష్మించుకుంది.

"దేశంకాని దేశంలో పడిపోతే దీన్నెవులు సూస్తారు?" అంది.

"నేను నర్సునే! నేను చూడనా?" అని గదమాయించాను.

రెండుసార్లు ఇంటికి వెళ్ళి కూర్చుంటేగానీ ఒప్పుకోలేదు. బయల్దేరేరోజు పిల్ల చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది. "అప్పా, నీ మాట మీద పంపుతన్నాను. దీని సెయ్యి మాత్రం వొగ్గీకు."

"వదలన్లేవే" అన్నాను. అంత తేలిగ్గా అనేశాను.

ఇక్కడ మా గొలుసు ప్రార్థన గురించి చెప్పాలి. ఎక్కడికి బయల్దేరినా అందరం గుండ్రంగా నిలబడి, చేతులు పట్టుకుని, కళ్ళు మూసుకుంటాం. ఒకరు రెండు మాటలు ప్రార్థించి పక్కవాళ్ళ చెయ్యి నొక్కుతారు. అప్పుడు వాళ్ళు అందుకుంటారు. నా కుడివైపు మొదలై, చుట్టూ తిరిగి, ఎడమవైపు నుంచి నా దాకా వస్తుంది. నేను ముగిస్తాను. విడిగా తలలు లెక్కపెట్టడానికి నాకు బద్ధకం. ఆరు గొంతులు వినబడితే ఏడోది నాది, అందరూ ఉన్నట్టే. సువార్త ఎప్పుడూ నా ఎడమపక్కనే నిలబడేది, దాని అవతల కరుణాకర్ మాస్టారు.

వెళ్ళిన నాలుగోరోజు ఏటి అవతల ఒక పల్లెలో క్యాంపు పెట్టాం. మధ్యాహ్నానికి అయిపోయింది. ఊరివాళ్ళు నాట్లకి పొలాలకి వెళ్ళిపోయారు. సన్నగా వాన పడుతుంటే రెయిన్‌కోట్ల టోపీలు మొహాల మీదికి లాక్కుని రేవుకి వచ్చాం. ఆటు మొదలై ఏట్లో నీరు తీస్తోంది, తొందరగా ఎక్కకపోతే పడవ బురదలో దిగబడుతుందని పడవవాడు ఒకటే గోల. మాకు తోడుగా ఉన్న అక్కడి పాస్టరు గారు మందుల పెట్టెలు ఎక్కిస్తున్నారు. ఆ గట్టు మీదే గొలుసు ప్రార్థన చేశాం.

ఆరు గొంతులూ విన్నాను. ఆరోది నా ఎడమపక్క నుంచి, చాలా మెల్లగా వచ్చింది. "తండ్రీ, ఈ బిడ్డ సెయ్యి వొగ్గీకు."

దీనికి ఎప్పుడూ వాళ్ళమ్మ ధ్యాసేనని మనసులో నవ్వుకున్నాను. నా చెయ్యి నొక్కింది. నేను ఆమేన్ అని ముగించాను. అందరం గబగబా పడవలోకి దిగాం.

పావుగంట పోయాక వాన వెలిసింది. ఇంటి నుంచి తెచ్చిన జంతికల పొట్లాలు మా జట్టుకి మనిషికొకటి లెక్కన తీసి పంచాను. ఒకటి మిగిలింది.

ఆ మిగిలిన పొట్లం పట్టుకుని నేను ఎలా అరిచానో నాకు గుర్తులేదు. పడవ తిప్పనన్నాడు వాడు. పాస్టరు గారు బర్మీసులో బతిమాలుతుంటే నేను తెలుగులోనే తిట్టాను. అర్థమైనట్టుంది, తిప్పాడు. దారంతా కాంతమ్మ మొహమే కళ్ళముందు. ఏం చెప్పను దానికి? ప్రభువా, ఏం చెప్పను?

మోకాలిలోతు బురదలో పడి గట్టెక్కాం. క్యాంపు పెట్టిన ప్రార్థనాశాలలో ఉంది సువార్త. బీపీ మెషిన్ మరిచిపోయామని, చిటికెలో వచ్చేస్తాననుకుని ఎవరికీ చెప్పకుండా వెనక్కి పరిగెత్తిందట. అక్కడే ఫిట్ వచ్చింది.

కానీ ఎలా ఉందో వినండి. చాప మీద ఎడమపక్కకి తిరిగి పడుకుని ఉంది. పైకాలు మడిచి ఉంది. తలకింద మడతపెట్టిన గోనెసంచి. మూతి తుడిచి ఉంది. ఫిట్ వచ్చిన మనిషిని ఎలా పడుకోబెట్టాలో నేను చాలామంది నర్సులకి నేర్పాను. అందులో వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు. ఆ శాలలో ఇంకెవరూ లేరు.

కాసేపటికి తేరుకుని కళ్ళు తెరిచింది. "పెద్దమ్మా, నువ్వు నా కుడిసెయ్యి పట్టుకునే ఉన్నావు కదా, నాకు భయమనిపించలేదు. నీ సెయ్యి ఎప్పుడింత గరుకైపోయినాది?"

నా ఎడమచెయ్యి తిప్పి చూసుకున్నాను. ఎందుకంటే గట్టు మీద నా ఎడమచేతిలో ఉన్నది కూడా గరుకు చెయ్యే. కలుపు తీసి తీసి మొద్దుబారిన చెయ్యి. వానకి నానిందనుకున్నాను తప్ప ఇంకో ఆలోచనే రాలేదు. గొలుసులో నా ఎడమచెయ్యి పట్టుకోవాల్సింది సువార్త కుడిచెయ్యే.

ఆ రోజే అందర్నీ విడివిడిగా అడిగాను, ఒకరి మాట ఇంకొకరికి తెలియకుండా. ఆరో గొంతు అందరూ విన్నారు. కరుణాకర్ మాస్టారు తన పక్కనున్న చెయ్యి నొక్కానని ఒట్టేసి చెప్పారు. ఊళ్ళో ఆడవాళ్ళనీ అడిగించాను. పొలం నుంచి మధ్యలో ఎవరూ రాలేదన్నారు. ఎవరో వచ్చి వెళ్ళి, చెప్పడానికి మొహమాటపడ్డారేమో. నేనలాగే సరిపెట్టుకోవాలని చూశాను. అయినా ఒకే మనిషి ఒకేసారి శాలలోనూ రేవులోనూ ఎలా ఉంటుంది?

తిరిగొచ్చాక కాంతమ్మకి ఏదీ దాచలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టాల్సిందే కూడా. అంతా వింది, కూతురి కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"మా తాత అప్ప రంగమెల్లిపోనాదట. మరి రాలేదు" అంది.

మా వైపు అలాంటి మనిషి లేని ఇల్లు ఎక్కడుంది? అందుకే దాన్ని నేను రుజువుగా చూపించను. ఆవిడో, దేవదూతో, మా అందరి భ్రమో నాకు తెలీదు.

మరుసటి ఏడు జట్టు మళ్ళీ బయల్దేరింది. ఈసారి కాంతమ్మ తనంతట తానే కూతుర్ని తీసుకొచ్చింది. "అప్పా, ఈపాలి కళ్ళు తెరిసి సెయ్యి ప్రార్థన" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. గుండ్రంగా నిలబడ్డాం. నేను కళ్ళు తెరిచే ఉంచి తలలు లెక్కపెట్టాను. ఏడు. నా ఎడమచేతిలో ఉన్నది సువార్త చెయ్యే, మెత్తగా, వెచ్చగా.

ఆ గరుకు చెయ్యి ఎవరిదో ఈ రోజుకీ నేను చెప్పలేను. పట్టుకుంటానని మాటిచ్చింది నేను. పట్టుకున్నది ఆ చెయ్యి.