నేను కడిగేసిన జిగురు

నరసాపురంలో గోదావరి ఒడ్డున మా కుటుంబానికి మిగిలింది ఒక రేవు. అంటే పదకొండు రాతి మెట్లు, పడవ కట్టుకునే ఒక ఇనుప కడ్డీ. ఒకప్పుడు మా తాతగారి లాంచీలు ఇక్కడే ఆగేవి. అవి ఎలా పోయాయో ఊరందరికీ తెలుసు, కనుక రాయను. నేను లేసు ఎగుమతి చేసే ఒక షెడ్డులో పనిచేస్తాను. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు అల్లి పంపే లేసు ముక్కలు చేతి చెమటతో, పొయ్యి మసితో నల్లబడి వస్తాయి. వాటిని కుంకుడు రసంలో నానబెట్టించి, గంజి పెట్టించి, మరక లేదని చూసుకున్నాక పెట్టెలోకి పంపడం నా పని. దాన్ని ఎవరైనా ఉద్యోగం అంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. కానీ నా చేయి దాటిన ముక్కలో మరక చూపించినవాళ్ళు లేరు.

నిరుడు మాఘమాసంలో రాజమండ్రి నుంచి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. మా రేవు నీళ్ళలో ఆరు చిన్న జల్లెడ డబ్బాలు వేలాడదీసుకుంటానని అనుమతి అడిగింది. నన్ను ఎవరైనా అనుమతి అడిగి ఎన్నేళ్ళయిందో! వెంటనే ఇచ్చాను. డబ్బాల్లో బియ్యపు గింజంత ప్లాస్టిక్ ముక్కలున్నాయి. కొన్ని క్యారీబ్యాగువి, కొన్ని నైలాను వలవి. రెండు వారాలకొకటి పైకి తీసి పట్టుకెళ్తానంది. ఎందుకని నేను అడగలేదు. అతిథిని ఆరా తీయడం మా ఇంటి పద్ధతి కాదు.

డబ్బాలకు తాళ్ళు కట్టింది మా మెట్ల పక్కన వలలు ఆరేసుకునే మత్స్యకార ఆడమనిషి. రెండు తరాలుగా వాళ్ళు మా రేవు వాడుకుంటున్నారు. ఆ చనువుతో నన్ను ఏమైనా అంటుంది.

"ఏంటి బాబుగారూ, చేపలకి ప్లాస్టిక్ మేపుతున్నారా?"

"పరిశోధన" అన్నాను.

"ఆయ్! మా వల నిండా అదేనండి పరిశోధన. రోజూ ఏరి పారేస్తున్నాం."

ఐదో డబ్బా తీయవలసిన రోజున ఆ అమ్మాయికి జ్వరం వచ్చింది. ఫోను చేసింది. "బాబాయిగారూ, పోటు తగ్గాక డబ్బా తీసి, ముక్కలు నేనిచ్చిన సీసాలో వేసి ఐసుపెట్టెలో పెట్టగలరా అండీ? ఎల్లుండి వచ్చి తీసుకెళ్తాను."

"నేను చూసుకుంటానమ్మా" అని మాట ఇచ్చాను.

తీసి చూస్తే ముక్కల నిండా గోధుమరంగు జిగట, కుళ్ళిన నాచు వాసన. ఇలాంటిది నా చేతి మీదుగా ఒకరికి వెళ్ళడమా? షెడ్డుకు పట్టుకెళ్ళి కుంకుడు రసంలో గంటసేపు నానబెట్టాను. లేసు పువ్వుల మూలలకు వాడే మెత్తటి బ్రష్షుతో ఒక్కో ముక్కనూ రుద్దాను. పనివాళ్ళకు అప్పగించలేదు, స్వయంగా చేశాను. తెల్లవి తెల్లగా, నీలివి నీలంగా మెరిశాయి. వాటిని సీసాలో వేసి, మంచినీళ్ళు పోసి, ఐసులో పెట్టాను.

ఆ అమ్మాయి వచ్చి సీసాను వెలుగుకు ఎత్తి చూసింది. చాలాసేపు దించలేదు.

"కడిగారా అండీ?"

"శుభ్రంగా."

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. "నాకు కావలసింది ప్లాస్టిక్ కాదండీ, దాని మీది జిగురు" అంది. తర్వాత మెల్లగా వివరించింది. ఆ జిగురులో బాక్టీరియా కాపురాలుంటాయట. ముందు కొన్ని వచ్చి అతుక్కుని జిగురు పోస్తాయి, తర్వాత వేరేవి వచ్చి అందులో చేరతాయి. ఒకటి వదిలింది ఇంకొకటి తింటుంది. నీళ్ళలో విడిగా తిరిగేవాటికీ వీటికీ పోలికే ఉండదట. కర్రముక్క అయితే కొన్నాళ్ళకు కుళ్ళిపోతుంది. ప్లాస్టిక్ కుళ్ళదు గనక ఆ తెప్పనెక్కి ఇవి ఆటుపోట్లకు ఎంత దూరమైనా పోగలవు. రోగాలు తెచ్చేవి కూడా అలా ఎక్కి చేపల దాకా వస్తున్నాయా అన్నది ఆమె ప్రశ్న. ఏ వారానికి ఏవి వచ్చి చేరాయో చూడటానికే ఆరు డబ్బాలు. ఇప్పుడు మధ్యలో వరుస తెగింది. మళ్ళీ మొదలుపెడితే పూర్తయ్యేలోపు వరద వస్తుంది, ఆమె చదువుకిచ్చిన గడువూ దాటిపోతుంది.

వలల దగ్గర నుంచి అంతా విన్న ఆ మనిషి, "తాతగారు లాంచీలు పోగొట్టారు, తమరు పురుగుల ఊరు పోగొట్టారు" అని నవ్వబోయి, అమ్మాయి ముఖం చూసి ఆగింది. దగ్గరకొచ్చి కూర్చుంది. "పోనీ, నా ముడి ఊడి పోటుకి కొట్టుకుపోయిందని చెప్పమ్మా. గోదారి వచ్చి కాదంటుందా?"

"అలాగే చెబుతానండీ. బాబాయిగారికి మాట రాకూడదు" అంది అమ్మాయి.

వాళ్ళిద్దరూ నా పరువు కోసం నా ఎదుటే అబద్ధం కుదుర్చుకుంటున్నారు. నేను గౌరవమనుకున్నది ఎన్నాళ్ళుగా ఇలాంటి జాలి అయి ఉంటుందో నాకు తెలియదు. అమ్మాయి తన ప్రొఫెసరమ్మకు ఫోను కలిపి, ముడి ఊడి డబ్బా కొట్టుకుపోయిందని చెప్పడం మొదలుపెట్టింది.

"ఇలా ఇవ్వమ్మా" అన్నాను. ఫోను అందుకుని ప్రొఫెసరమ్మతో నేనే మాట్లాడాను. "అమ్మా, ముడి ఊడలేదండి. డబ్బా కొట్టుకుపోలేదు. నేను కడిగేశాను. తప్పు నాది."

ఆవిడ అడిగింది, "దేంతో కడిగారండీ?"

"కుంకుడు రసంతో. గంటసేపు నానబెట్టి."

కోప్పడుతుందనుకున్నాను. "అది ఉన్నదున్నట్టు నోటుబుక్కులో రాయించండి. ఖాళీ ఉన్నా ఫరవాలేదు, అబద్ధం ఉంటే మొత్తం పనికిరాదు" అంది. గడువు సంగతి మాత్రం తన ఒక్కదాని చేతిలో లేదంది.

అమ్మాయి కళ్ళు తుడుచుకుని నోటుబుక్కు, పెన్ను నాకే ఇచ్చింది. రాసి సంతకం పెట్టాను.

ఆరో డబ్బా రోజున ఆమె వచ్చింది. వచ్చి కూడా నన్నే తీయమంది. తొడుగులు వేసుకుని, వాసన భరిస్తూ, జిగురు చెదరకుండా ముక్కలను సీసాలోకి దించాను. "నా పిల్లల్ని కూడా ఇంత జాగ్రత్తగా దించలేదు బాబుగారూ నేను" అంది వలల మనిషి.

యూనివర్సిటీలో పైవాళ్ళు ఆ వరుసను ఖాళీతోనే ఒప్పుకున్నారని వానలు మొదలయ్యాక తెలిసింది. అమ్మాయి ఆరు డబ్బాల వరుసకు తను గీసిన పటం తెచ్చి చూపించింది. ఐదో చోట ఏమీ లేదు. కింద కారణం ఉంది: రేవు యజమాని కుంకుడు రసంతో కడిగినందువల్ల.

"ఇబ్బందైతే ఆ మాట తీసేస్తానండీ" అంది.

వద్దన్నాను.