దేవుళ్లు పక్కింటికి వెళ్లిన తుపాను రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ వాదన జరిగినా రెండు పక్షాల మాటలూ మోసేదాన్ని నేనే. మా ఇంటికి వచ్చినప్పుడల్లా అమ్మమ్మ అల్లుడి ఎదుట పడేది కాదు, ఆయనతో నేరుగా మాట్లాడేదీ కాదు. తలుపు చాటున నిలబడి నాతో చెబితే నేను ముందు గదిలోకి వెళ్లి నాన్నకు అప్పజెప్పాలి. నాన్న బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చార్జిమన్, పనివాళ్ల మీద అజమాయిషీ చేసే ఉద్యోగం. ఆదివారం వస్తే మన తెలుగువాళ్ల పఠన మందిరంలో మూఢాచారాల మీద గంటసేపు మాట్లాడేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. అలాంటి మనిషి ఇంట్లో అత్తగారితో వాదించడానికి నామీద ఆధారపడ్డాడు.

ఆ ఏడు దసరా వెళ్లాక తమ్ముడు పుట్టాడు. పురుడు పోయడానికి అమ్మమ్మ నెల ముందే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది. మా క్వార్టరుకు గట్టి స్లాబు ఉన్న గది ఒక్కటే, ముందుది. దాని గోడ నిండా అమ్మమ్మ వచ్చీ రాగానే తగిలించిన దేవుడి పటాలు. నాన్న వాటిని చూసి చూడనట్టు ఊరుకున్నాడు. వెనక వరండాకు గోడ కట్టి, పైన రేకులు వేసి ఎవరో పాత ఉద్యోగి గదిలా చేసి వెళ్లాడు. అదే పురుటి గది. అమ్మా తమ్ముడూ అందులో ఉన్నారు. పురుటి స్నానం ఇంకా కాలేదు.

అలాంటి సమయంలో తుపాను కబురు వచ్చింది. దీఘా తీరం దాటి మనవైపే వస్తోందని కలకత్తా రేడియో పొద్దున్న చెప్పింది. వర్క్‌షాపులో అందరినీ పెందలాడే ఇళ్లకు పంపేశారు. నాన్న వస్తూనే పనిలో పడ్డాడు. పంపు కరెంటుతో నడిచేది కాబట్టి కరెంటు పోకముందే డ్రమ్మూ, బిందెలూ, చివరికి వంటగిన్నెలు కూడా నీళ్లతో నింపాం. బొగ్గు బస్తా లోపలికి లాగాం. లాంతరు చిమ్నీలు బూడిదతో తుడిచే పని నాది. ఒత్తులు కత్తిరించి, కిరసనాయిలు పోసి, అగ్గిపెట్టెలు తేమ తగలకుండా బియ్యం డబ్బాలో దాచాను. ఇందా అనే పేట బజారులో కొవ్వొత్తులు అప్పటికే అయిపోయాయట. నాన్న ఒక పెద్ద సంచీ నిండా మరమరాలు మాత్రం తెచ్చాడు. పెరట్లో ఎగరగలిగిన ప్రతిదాన్నీ ఇంట్లోకి చేర్చాం. బట్టలు ఆరేసే తీగ కూడా విప్పేశాం.

మిగిలింది ఒక్కటే. అమ్మనూ తమ్ముణ్ణీ రేకుల కింద నుంచి తీసుకురావడం. అప్పటికే గాలికి ఆ రేకులు దడదడమంటున్నాయి.

"మీ అమ్మమ్మకి చెప్పు, మీ అమ్మ పక్క ముందు గదిలో వేస్తున్నామని," అన్నాడు నాన్న.

"మీ నాయినకి సెప్పు, పురిటి తానం కాకుండా బాలింత దేవుళ్లున్న గదిలోకి రాదని," అంది అమ్మమ్మ.

"గాలికి మైలా మడీ తెలీదని చెప్పు."

"గాలికి తెలీకపోతే మనకీ తెలీకూడదేటి, అని అడుగు."

నాన్నకు ఉపన్యాసం వచ్చేసింది. ప్రసవం ప్రకృతి ధర్మమన్నాడు, మైల అనేది ఆడవాళ్లను గదిలో పెట్టడానికి మగవాళ్లు కల్పించిందన్నాడు. అవన్నీ నేను మోయలేక సగం దారిలో పడేశాను. అవతల అమ్మమ్మ చెప్పిన పాపాల పేర్లూ నాకు నోరు తిరగలేదు. లోపల మంచం మీద నుంచి అమ్మ గొంతు వినిపించింది. "నన్ను అడిగీవోళ్లు లేరేటి ఈ ఇంట్లో?" అమ్మను చేయి పట్టి తీసుకొచ్చేద్దామని నాన్న లేచాడు. అమ్మమ్మ తలుపుకు అడ్డంగా కూర్చుంది. అత్తగారిని దాటి ఆ గదిలో కాలు పెట్టడం ఆయన వల్ల కాలేదు. ఒక రేకు చివర పైకి లేచి మళ్లీ పడింది. తమ్ముడు ఉలిక్కిపడి ఏడ్చాడు.

అప్పుడు వచ్చింది పక్కింటి అక్క. కాలనీలో చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. మా ఇంట్లో అరుపులు విని, తడి జుట్టు ముడేసుకుంటూ పెరటి దారిన వచ్చి అమ్మమ్మకు తగలకుండా ఎడంగా గడప మీద చతికిలబడింది. ఎవరిది తప్పో అడగలేదు.

"పెద్దమ్మా, ఆ గదిలోకి తెత్తే ఏటవుతాదని నీ భయం?"

అమ్మమ్మ నెమ్మదిగా చెప్పింది. తన మొదటి కాన్పు అప్పుడూ ఇలాంటి వానేనట. ఇల్లు కారుతోందని ఆమెను దేవుడి గదిలోకి మార్చారట. ఆ బిడ్డ బతకలేదు. "మైలతోటి ఎల్లినాను. దేవుడు ఊరుకోలేదు," అంది.

ఆ మాట నాకు మోయమని ఇవ్వలేదు. అయినా ముందు గదిలో నాన్నకు వినబడింది. ఆయన తల దించుకోవడం చూశాను.

అక్క అమ్మమ్మ మొహంలోకి చూస్తూ తలూపింది. ఆ బిడ్డ చలికి పోయి ఉంటుందని ఆమెకు తెలియదా? తెలుసు. అప్పుడు అనలేదు. లేచి ముందు గదిలోకి తొంగిచూసి అంది, "ఏటి పెద్దమ్మా, తుపాను వొత్తంటే పటాలు గోడకే ఒగ్గేసినారు? మేకులు ఊగిపోతన్నాయి. అద్దాలు పగిలితే దేవుళ్ల గతేటి?"

అమ్మమ్మ గాభరాగా లేచింది. "మరేటి సేత్తాం? మైలోళ్లం, ముట్టుకోకూడదే."

"నాను తానం సేసే వొచ్చినాను, ఎవుర్నీ ముట్టుకోనేదు. మా ఇంట్లో మైల నేదు. మా ట్రంకు పెట్టెలో ఎట్టుకుని పట్టుకెల్తాను."

పెట్టె తెచ్చి, పటాలన్నీ ఒక్కొక్కటీ దింపి వాళ్లింటి ఉతికిన పంచెలో చుట్టింది. అమ్మమ్మ దూరం నుంచే లెంపలు వేసుకుంటూ సాగనంపింది. వానలో పెట్టె మోసుకుంటూ అక్క పరుగెత్తి, చేతులు దులుపుకుంటూ తిరిగొచ్చి, గోడ చూపించింది. పటాలు ఉన్న చోట మేకులు మాత్రమే మిగిలాయి.

"ఇప్పుడు ఇదేటి పెద్దమ్మా? ఉత్త గదే గదా."

అమ్మమ్మ ఆ గోడను చూసింది, రేకులను చూసింది. ఔననలేదు. కొంగు దోపుకుంటూ నా వైపు తిరిగి, "బాలింత సెవుల్లో దూది ఎట్టు, సలిగాలి కొడతాది," అంది.

నాన్న ఆనందం పట్టలేక, "చూశారా, దేవుడు గోడమీద మేకులో ఉన్నాడా అని నేను ముందే..." అని మొదలుపెట్టాడు. అక్క కన్నెర్ర చేసింది. "అన్నయ్యా, ఉపన్యాసం ఆదివారం సెప్పుకుందురు గానీ, ముందు ఆ మంచం ఎత్తండి." నాన్న ఎత్తాడు.

కరెంటు పోయింది. లాంతరు వెలిగించాం. ఒకే గది కావడంతో అమ్మమ్మకు చాటు లేదు. ఆమె ఇబ్బంది చూసి నాన్న గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తుపాను ఉన్నంతసేపూ ఆ సంస్కర్త వీపే మాకు కనబడింది. మరమరాల గిన్నె మాత్రం నేను వెనక నుంచి అందించాను. మధ్యాహ్నం దాటాక వెనక గదిలో పెద్ద చప్పుడైంది. చీకటి పడకముందే గాలి తగ్గింది, అక్క మళ్లీ వచ్చింది. తలుపు తీసి చూస్తే పైన ఆకాశం. రేకులు వీధి చివర మురుగు కాలవలో దొరికాయి. అమ్మ మంచం ఉన్నచోట ఇటుకలు కుప్పగా పడి ఉన్నాయి.

అమ్మమ్మ ఆ ఇటుకలను చూసి అక్కడే కూలబడింది. తర్వాత లేచి వచ్చి తమ్ముణ్ణి ఒళ్లోకి తీసుకుని, వాడి కాళ్లూ చేతులూ తడిమింది. వాడు నిద్రలో పెదవులు చప్పరిస్తుంటే ఏడుస్తూ నవ్వింది. మేమందరం నవ్వాం, ఊరికే నవ్వాం. "పక్కింటికెల్లినా సూసినారు తండ్రీ," అంది పైకి చేతులెత్తి. నాన్న నోరు తెరిచాడు, అక్క వైపు చూశాడు, మూసుకున్నాడు.

ఆ చివరి మాట నాకు ఈనాటికీ మింగుడు పడదు. నా తమ్ముణ్ణి కాపాడింది అక్క బుర్ర. కన్నతల్లిని మైల అని రేకుల కింద పడుకోబెట్టిన ఆచారం దుర్మార్గం. ఏభై ఏళ్లుగా అదే రాస్తున్నాను, ఇకముందూ మెత్తబడను. కాని ఆ రోజు నాన్న చెప్పినవన్నీ నిజాలే అయినా అమ్మ మంచం అంగుళం కదలలేదు. ఆయన మాటల్లో ఒక్క ప్రశ్న కూడా లేదు. అక్క ముందుగా అడిగింది.

తర్వాత ఎన్నో సభల్లో వాదించాను. గెలిచాను కూడా. ఓడినవాళ్లు ఇంటికి వెళ్లి పాత పనే చేయడం కళ్లారా చూశాను. ఇప్పటికీ ఎవరైనా అర్థంలేని ఆచారాన్ని పట్టుకుని మొండికేస్తే నాకు ముందు కోపమే వస్తుంది. ఆ కోపాన్ని వదులుకోవాలని లేదు. కాని దాన్ని కాస్త పక్కన కూర్చోబెట్టి, మానేస్తే ఏమవుతుందని మీ భయం, అని అడుగుతాను. అడగడం సులువే. జవాబు పూర్తయ్యేదాకా నోరు మూసుకుని ఉండటం ఈ వయసులోనూ నాకు సగమే వచ్చింది. ఆ మిగతా సగం కోసం ఇంకా ప్రయత్నిస్తున్నాను.