కోబినా అబాకా గారి మంగళవారాలు

సాల్ట్‌పాండ్ రేవులో కోబినా అబాకా తెలియనివాళ్ళు లేరు. తెలియకపోతే ఆయనే వచ్చి చెబుతాడు. పడవల సంఘానికి ఇరవై రెండేళ్ళుగా కార్యదర్శి. పడవెక్కితే కళ్ళు తిరుగుతాయి కాబట్టి సముద్రం మీదికి ఒక్కనాడూ వెళ్ళి ఎరగడు. అయినా గాలి ఎటు మళ్ళుతుందో ఒడ్డున నిలబడి జాలరులకి పాఠం చెబుతాడు. ఊరికే ఇస్తారంటే దేన్నీ వదలడు. రెండు పార్టీల ఎన్నికల టోపీలూ ఆయన దగ్గరున్నాయి. సంతలో మందులవాళ్ళు పంచే నమూనా సీసాలని ఏ జబ్బుకో చూడకుండానే తాగేస్తాడు. ఇలాంటి మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఆ సంగతి ఎన్నడూ దాచుకోలేదు.

నేను ఎసీ ఘార్టీని. లారీ స్టేషన్ పక్కన ఇనప డబ్బా కొట్టులో పదకొండేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. మంగళవారం మా సముద్రానికి సెలవు, ఎవరూ పడవ దింపరు. అలాంటి ఒక మంగళవారం పొద్దున ఆయన తెల్లగుడ్డ భుజాన వేసుకుని నా డబ్బా ముందుకొచ్చాడు.

"అమ్మాయ్, మా ఇంట్లో కంప్యూటరుని మా కోడలు తగలేసింది."

"ఏమైంది పెద్దాయనా?"

"తెరిస్తే చాలు, బట్టల్లేని ఆడవాళ్ళు! ఒకదాన్ని మూస్తే ఇద్దరొస్తారు. జూదాలట, పొట్ట తగ్గే మందులట. మధ్యలో గంటలు కొడతాయి. నువ్వొచ్చి ఆ దరిద్రమంతా తీసెయ్యి. ఎవరు తెచ్చారో కూడా చెప్పాలి. దాని మేనమామని పిలిపించాను, ఆయన ముందే చెప్పాలి. చదువుకున్నదానివి, నీ మాట నమ్ముతాడు."

అప్పుడు అర్థమైంది ఈయన ఎత్తు. కోడలు అరబా బడిలో పంతులమ్మ. మొగుడు క్వేసీ తేమా నుంచి వెళ్ళే చేపల ఓడలో పనిచేస్తాడు, వెళ్ళి ఎనిమిది నెలలైంది. ఆ కంప్యూటరు అతను పెళ్ళాం డిగ్రీ చదువు కోసం కొన్నది. ఈ మహానుభావుడు చర్చి మెట్ల మీద నిలబడి, మొగుడు ఊళ్ళో లేకపోతే నా కోడలు బూతుబొమ్మలు చూస్తోందని పదిమందికీ చెప్పాడు. మూడు వారాలుగా ఆ గదికి తాళం వేశాడు. శుక్రవారంలోగా ఆమె పరిశోధన వ్యాసం పంపకపోతే ఏడాది చదువు గంగలో కలుస్తుంది. ఇవాళ మేనమామ చేతిలో పెట్టి ఆమెనే పంపించెయ్యాలని చూస్తున్నాడు.

వెళ్ళాను. మేనమామ క్వామెనా టోపీ మోకాలి మీద పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. అరబా అత్తగారు మామె ఎకువా చేపలు పొగబెట్టి వచ్చి కళ్ళు తుడుచుకుంటోంది. అరబా గుమ్మం దగ్గర నిలబడింది, లోపలికి రాలేదు. కంప్యూటరు మీద లేసుగుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పూలు. అవి తీసి, తెరిచాను. ఆడవాళ్ళు వచ్చారు. క్వామెనా తల దించుకున్నాడు. పెద్దాయన మాత్రం ప్రతి బొమ్మకీ "చూశారా, చూశారా" అంటూ, పెళ్ళివారికి నగలు చూపించినంత సంబరంగా చూపించాడు.

తీయడం పెద్ద విద్యేమీ కాదు, ఓపిక కావాలంతే. కంప్యూటర్లోకి ఎక్కించిన ప్రోగ్రాముల జాబితా తెరిచాను. ఎవరికీ అక్కర్లేనివి తొమ్మిది బయటపడ్డాయి. చెత్త ఊడుస్తామనే ఊడ్పుగాళ్ళు ఇద్దరు, ఆ ఇద్దరే సగం చెత్త తెచ్చారు. వాన పడుతుందో లేదో చెప్పేవి మూడు. మిగతావి దేనికో వాటిని చేసినవాడికైనా తెలుసో లేదో. ప్రతిదాని పక్కనా అది ఏ రోజు ఎక్కిందో రాసి ఉంటుంది. గోడ మీదున్న పడవల సంఘం క్యాలెండరు దించి క్వామెనా చేతికిచ్చాను. అందులో మంగళవారాలు ఎర్రంకెలు.

"నేను తేదీ చదువుతాను, మీరు వారం చెప్పండి," అన్నాను. "ఫిబ్రవరి పదమూడు."

"మంగళవారం."

"ఫిబ్రవరి ఇరవై ఏడు."

"అదీ మంగళవారమే."

"మార్చి ఆరు. ఏప్రిల్ మూడు."

"ఎర్రంకే తల్లీ, రెండూ."

తొమ్మిదీ ఎర్రంకెల మీదే పడ్డాయి. మామె ఎకువా మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, మంగళవారం ఆ గదిలోకి ఎవర్నీ రానివ్వవు కదా! ఇది నా రోజు, లోకం సంగతులు చూసుకోవాలి, గుమ్మం తొక్కొద్దంటావు. కెంకే ముద్ద, చేపముక్క కూడా కిటికీలోంచే కదా అందిస్తున్నాను!"

"దాని గడియారం చెడింది," అన్నాడాయన. "కరెంటు పోయి పోయి అలా అయింది."

"చెడితే ఒకటో రెండో తప్పుతాయి పెద్దాయనా," అన్నాను. "తొమ్మిదీ కూడబలుక్కుని మంగళవారానికే తప్పుతాయా?"

"కిట్టనివాళ్ళు ఎవరో చేయించారు. నీకు తెలీదు, ఊరుకో."

ఊరుకుని తొమ్మిదీ పీకేశాను. ఇక మిగిలినవి గంటలు కొట్టేవి. మీకు కబుర్లు పంపమంటారా అని అడిగిన ప్రతి ముష్టి దుకాణానికీ ఎవరో "పంపండి" అని అనుమతిచ్చారు. ఆ జాబితా బారెడుంది. ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాను. చిట్టచివరి దాని మీద చెయ్యి పెట్టానో లేదో, పెద్దాయన ఒక్క ఉదుటున లేచి నా మణికట్టు పట్టుకున్నాడు.

"అది వద్దు! దాన్ని ముట్టుకోకు!"

"ఏం? అందులో ఏముంది?"

"అది నా మోటారు!"

"ఏ మోటారు?"

"పడవ మోటారు. నలభై గుర్రాల బలం దానిది. నాకే తగిలింది. పదిలక్షల మందిలో నన్నే ఎంచారు. పేరు రాశాను, ఫోన్ నంబరు రాశాను, ఏది నొక్కమంటే అది నొక్కాను. తేమా రేవుకి వచ్చేసిందట. ఇంకొక్క కబురు రావాలి, ఆ దారినే వస్తుంది. నువ్వు మూసేస్తే వాళ్ళు నన్నెలా కనుక్కుంటారు?"

నేను నవ్వాను, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. సొంతంగా ఒక తెడ్డు కూడా లేనివాడికి నలభై గుర్రాల మోటారు! జాలి పడాలేమో, పడలేదు. రాని మోటారు కోసం ఇంట్లో ఉన్న పిల్లని వీధిలోకి నెట్టబోయిన మనిషి మీద జాలేమిటి? చెయ్యి విదిలించుకుని దాన్నీ కొట్టేశాను.

మామె ఎకువా నెమ్మదిగా అడిగింది. "ఎన్నాళ్ళ నుంచి ఎదురుచూస్తున్నావు?"

"ఫిబ్రవరి నుంచి."

"ఆ ఆడవాళ్ళు?"

"మోటారు వెంట వచ్చారు. నేనేమైనా పిలిచానా?"

"అందుకని పిల్ల నెత్తిన రుద్దావా?"

ఆయన భుజం మీది గుడ్డ సర్దుకున్నాడు. "ఇంటిపెద్దని నేను, సంఘం కార్యదర్శిని. ఆ నింద నామీద పడితే రేవంతటికీ పరువు తక్కువ కదే."

అదీ ఆయన జవాబు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో సిగ్గన్నది ఆవగింజంతైనా లేదు. నిజంగానే ఊరికి మేలు చేశాననుకుంటున్నాడు.

"ఆదివారం అదే చర్చి మెట్లెక్కి, మోటారు సంగతి నువ్వే చెప్పు," అంది మామె ఎకువా. "చెప్పకపోతే నేను చెబుతాను. నేను చెబితే ఇంత చిన్నగా ఉండదు."

క్వామెనా లేచి టోపీ పెట్టుకున్నాడు. మేనకోడలి దగ్గరికి వెళ్ళి, "వస్తావా తల్లీ? వస్తానంటే ఇప్పుడే తీసుకెళ్తాను. నీ ఇష్టం," అన్నాడు.

అరబా గుమ్మం దాటి లోపలికొచ్చింది. ప్లాస్టిక్ పూలని కిటికీలో పెట్టి, కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూర్చుంది. తన వ్యాసం ఎక్కడుందో వెతికి తెరిచింది. మూడు వారాల కింద ఆగిపోయిన వాక్యం అలాగే ఉంది.

"శుక్రవారానికి పంపాలి. రాసుకోనీ," అంది మేనమామతో. తరవాత, తన వెనక ఇంకా నిలబడే ఉన్న మామగారి వైపు తల తిప్పకుండానే అంది. "కాస్త పక్కకి జరగండి. వెలుతురుకి అడ్డమొస్తున్నారు."

ఇంటిపెద్ద జరిగాడు.