మాట మధ్యలో తెగే లైను

మా ఆవిడ చనిపోయిన నెలలో మా ఇంటి ఫోనులో మాటలన్నీ మధ్యలోనే తెగిపోయేవి.

తిరువళ్ళూరు పక్క మణవాళనగర్‌లో మా ఇంటికి ఇంటర్నెట్‌తో పాటే ఆ ఫోనూ వచ్చింది. సెల్లులుండగా అదెందుకని నేనంటే, ఉండనీ అంది మా ఆవిడ. చుట్టాల నంబర్లన్నీ పేర్లతో అందులో ఎక్కించింది. చుట్టాలు చేస్తే రెండు పొట్టి రింగులు, తక్కినవాళ్లు చేస్తే ఒక పొడుగు రింగు వచ్చేలా పెట్టించింది. పొడుగు రింగును ఎవరూ పట్టించుకునేవాళ్లం కాదు. పొట్టి రింగులు వస్తే తనే వెళ్లి తీసేది. ఆ ఫోనుతో నాకు పనే పడలేదు.

కర్మ అయ్యాక మా అక్క తిరుత్తణికి బయలుదేరుతూ నన్నూ రమ్మంది.

"ఒక్కడివే ఈడ ఏం చేస్తావురా? మేడ మీద గది ఖాళీగా ఉండాది. నీ పుస్తకాలు కూడా తెచ్చుకో."

రానన్నాను. ఆమె రెండోసారి అడగలేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఇప్పుడు నాకు మిగిలింది కూడా ఆమె ఒక్కతే.

ఊరు చేరి ఫోను చేసింది. "రైల్లో ఒకటే జనం. తిరువాలంగాడు దాకా నిలబడే వచ్చినా. తిన్నావా?" తిన్నానన్నాను. లైను తెగింది. మర్నాడు, "పాలాయనకు ఒక పాకెట్టే చాలని చెప్పినావా?" అంది. చెప్పానన్నాను. తెగింది. ఆ తర్వాతా అంతే. నా జవాబు పూర్తయ్యేసరికి అటువైపు ఎవరూ ఉండేవారు కాదు.

రానన్నందుకు కోపం వచ్చిందనుకున్నాను. కానీ పట్టాభిరామ్ ఊళ్లో ఉండే, నాతో పనిచేసిన ఒకాయన ఫోను చేసి "మనసు గట్టి చేసుకోండి" అన్నప్పుడు కూడా, నేను "అలాగే" అనేలోపు లైను పోయింది. అది కొంచెం ధైర్యమిచ్చింది. లోపం ఫోనులో ఉంటే మంచిదే. కోపం వచ్చిందా అని అక్కను అడగడం కంటే కంపెనీకి ఫిర్యాదు చేయడం తేలిక. చేశాను.

ఒక కుర్ర మెకానిక్ వచ్చాడు. పక్క వరండాలో ఉన్న ఇంటర్నెట్ పెట్టెకు ఏవేవో తగిలించి చూశాడు. నా తమిళం విని తెలుగులోకి మారాడు. వాళ్లది మగ్గం నేసే తెలుగు ఇల్లట.

"లైన్ క్లియర్‌గా ఉండాది సార్. అయినా పెట్టె పాతది. మార్చేస్తా."

మార్చి వెళ్లాడు. ఆ మధ్యాహ్నం ఫోను మోగింది. రెండు పొట్టి రింగులు. తెర మీద మా ఆవిడ పేరు.

మొదటిసారి తీయలేదు. కుర్చీలో కూర్చుని, మోగడం ఆగేదాకా చూశాను. రెండోసారి తీశాను. మా ఆవిడ తమిళంలో, మగ గొంతుతో, నాకు పర్సనల్ లోన్ ఇస్తానంది. సాయంత్రం తిరువళ్ళూరు దాటాక ఎక్కడో ప్లాటు కొనుక్కోమంది. మర్నాడు పొద్దున గ్యాస్ పొయ్యి సర్వీసింగ్ చేయించుకున్నారా అని అడిగింది. ఆ ఒక్కటీ ఆమె అడగదగ్గ మాటే.

కనెక్షన్ ఆమె పేరు మీద ఉంది. కొత్త పెట్టె, ఎవరు చేసినా ఆ పేరే చూపుతోంది, ఎవరు చేసినా చుట్టాల రింగే ఇస్తోంది. కంపెనీకి చేశాను. పేరు మార్చాలంటే కనెక్షన్ ఎవరిదో వాళ్లే మాట్లాడాలంది అక్కడి అమ్మాయి. ఆమె చనిపోయిందని చెప్పాను.

"సరి సార్," అంది ఆ అమ్మాయి. "ఒక్క నిమిషం వాళ్ల చేత చెప్పించండి, చాలు."

చివరికి మళ్లీ ఆ మెకానిక్‌నే పంపారు. ఈసారి వరండాలో పెట్టె మూత తీసి చూసి, హాల్లోకి వచ్చి, ఫోను పక్కన నిలబడి తన సెల్లు నుంచి చేశాడు. రెండు పొట్టి రింగులు మోగాయి.

"నా నంబరుకు కూడా ఈ పేరే పడతా ఉండాదే! ఎవురు సార్ ఈమె?"

గోడ మీది ఫోటో చూపించాను. దానికి దండ ఉంది, ముందు దీపం ఉంది. అతను సెల్లు జేబులో పెట్టుకున్నాడు. తలెత్తకుండా ఏవో మీటలు నొక్కాడు. ఇంకా ఎంతసేపు పడుతుందని నేను అడుగుతుండగానే సంచి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, గేటు దాటాడు. పెట్టె మూత కూడా పెట్టలేదు. ఈసారి లైను కాదు, మనిషే మధ్యలో తెగిపోయాడు.

వెనకాలే వెళ్లాను. "ఏమయ్యా, ఒక్క మాటైనా చెప్పకుండా పోతున్నావు?"

హెల్మెట్ పెట్టుకుంటూ నావైపు జాలిగా చూశాడు. "చెప్పకూడదు గదా సార్. మా అమ్మకు తెలిస్తే చంపేస్తాది."

"పని అయిందా?"

అయిందన్నట్టు తల ఊపి బండి తీశాడు.

గేటు దగ్గరే నాకు అర్థమైంది. చావు జరిగిన ఇంటి నుంచి ఎవరూ పోయొస్తామనరు. లేచి వెళ్లిపోతారు. అది చిన్నప్పటి నుంచీ చూసిందే. ఫోనుకు కూడా అదే పద్ధతని నాకు తట్టలేదు. అలాంటి ఫోన్లన్నీ మా ఆవిడే మాట్లాడేది.

లోపలికి వచ్చి అక్కకు చేశాను.

"ఫోను పెట్టేముందు ఒక్క మాట అనవేం అక్కా?"

"ఏం మాట?"

"పెట్టేస్తాననో, మళ్లీ చేస్తాననో."

"ఓరి నీ! మాసికం కాని ఇంటికి మళ్లీ అంటారా రా ఎవురైనా? ఇన్ని పుస్తకాలు చదివినావు, ఆ మాత్రం తెలీదా?"

"ఫోనుకు కూడానా?"

"ఫోనైతే ఏమి? నోరు నాదే గదా."

"నీకు కోపం వచ్చిందేమోనని పెట్టె మార్పించాను."

"నాకు కోపమొస్తే పెట్టె మారిస్తే పోతాదా?"

"వచ్చిందా మరి?"

"వచ్చింది. రమ్మంటే రాకుంటే రాదా? దానికీ దీనికీ ఏం సంబంధం?"

లైను తెగింది.

మెకానిక్ చేసిన పని ఏమిటో ఆ తర్వాతి ఫోను వచ్చినప్పుడు తెలిసింది. మా ఆవిడ పేరు తీసేశాడు. దాని బదులు ఎవరు చేసినా టెస్ట్ అని పడుతోంది. అది మార్పించాలంటే మళ్లీ మా ఆవిడ చేతే చెప్పించమంటారు. ఊరుకున్నాను.

మాసికానికి అక్క వచ్చింది. వండింది, నా చేత పెట్టించింది, మేడ మీద గది మాట మళ్లీ ఎత్తింది. చూద్దామన్నాను. సాయంత్రం మామూలుగానే చెప్పకుండా రైలెక్కింది.

మర్నాడు రెండు పొట్టి రింగులు వచ్చాయి. తెర మీద టెస్ట్.

"తిన్నావా?"

"తిన్నాను."

"సరి. పెట్టేస్తా. రేపు మళ్లీ చేస్తా."

"అలాగే అక్కా," అన్నాను. లైను తెగలేదు. వాళ్ల వంటింట్లో కుక్కర్ కూస్తోంది. వింటూ పట్టుకునే ఉన్నాను.

"ఏమక్కా, పెట్టవా?"

"ఉండు," అంది. "నీ ఫోనుకు రోగమంటివే, దానంతట అది తెగుతాదేమో చూస్తా ఉండా."